ఎడమ సీటు

రాత్రిపూట ఎదురొచ్చే లైట్లు కళ్లలో గుచ్చుకుంటున్నాయని రెండేళ్ల కిందట నాన్న కారు తాళాలు నా చేతిలో పెట్టేశాడు. కారు చేతికి రాగానే నేను మొదలుపెట్టింది స్టీరియో లెక్కలు.

నెలల తరబడి ఎక్సెల్ షీట్‌లో పెట్టుకుని తిరిగాను. స్టీరియో డబ్బా మీద 50 వాట్లు × 4 అని రాసి ఉంటుంది. అది ఒక్క క్షణం ఎగిసే లెక్క. కారు కరెంటు మీద మామూలు స్టీరియో ఒక్కో స్పీకర్‌కి నిలకడగా ఇచ్చేది ఇరవై వాట్ల చిల్లర. అందుకే సీటు కింద చిన్న ఆంప్ పెట్టించాను. డోర్లలో ఆరున్నర అంగుళాల స్పీకర్లు, అద్దాల మూలల్లో ట్వీటర్లు. వాటికంటే ముందు డోర్ సంగతి చూడాలని ఆలస్యంగా తెలిసింది. స్పీకర్‌కి డోరే డబ్బా. రేకు వణికితే ఎంత ఖరీదైన స్పీకరైనా గిలక్కాయే. ఒక ఆదివారమంతా సెల్లార్లో కూర్చుని డోర్ల లోపల బ్యూటైల్ షీట్లు అంటించాను. సాయంత్రానికి తలుపు వేస్తే "ధబ్" మంది. ఆ శబ్దానికే సగం డబ్బులు గిట్టుబాటయ్యాయనిపించింది.

మిగిలింది టైమ్ అలైన్‌మెంట్. డ్రైవర్‌కి కుడి స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. నా చెవి నుంచి కొలిస్తే తేడా 40 సెంటీమీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, కుడి స్పీకర్‌ని 1.2 మిల్లీసెకన్లు ఆపితే రెండూ ఒకేసారి చేరతాయి. పరీక్షకి నాన్న పెన్‌డ్రైవ్‌లోని ఘంటసాల పాత పాటలు పెట్టాను. అవి మోనో రికార్డింగులు, రెండు వైపులా ఒకటే శబ్దం. లెక్క కుదిరితే గొంతు సరిగ్గా మధ్యలో నిలబడాలి. కళ్లు మూసుకున్నాను. డాష్‌బోర్డ్ మీద, గణపతి బొమ్మ ఉన్నచోట, నిలబడింది.

దసరాకి ఊరికి బయల్దేరాం. నాన్న ఎడమ సీట్లో కూర్చున్నాడు. చౌటుప్పల్ దాకా ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు.

"ఈయనేంట్రా, నా మోకాలి దగ్గర కూర్చుని పాడుతున్నాడు? గొంతు వినపడుతోంది, మాటలు తెలియట్లేదు."

"డ్రైవర్ సీటుకి సెట్ చేశాను నాన్నా. ఒక్క సీటుకే కుదురుతుంది."

"ఓహో," అన్నాడు. అంతే.

అబద్ధం చెప్పలేదు. నాకు కుదిర్చిన లెక్కే అటు పక్క తప్పుని రెట్టింపు చేసింది. కానీ సూర్యాపేట దాటేదాకా ఆ "ఓహో" వదల్లేదు. ఇదే కారులో, పాత స్టీరియోతో, నాన్నకి తెలిసిన ట్యూనింగ్ ఒకటే. వెనక సీట్లో అమ్మా నేనూ నిద్రపోతే ఫేడర్ ముందుకి తిప్పేసేవాడు. వెనక స్పీకర్లు ఆగిపోయేవి. ఎప్పుడైనా మెలకువ వస్తే పాట ఎక్కడో దూరంగా వినిపించేది. నా ఎక్సెల్ షీట్‌లో రెండో సీటుకి ఒక్క గడి కూడా లేదు.

పోయినేడు చేయించిన వినికిడి పరీక్షలో నాన్న గీత ఎడమ నుంచి కుడికి జారిపోతూ ఉంది. సన్నటి శబ్దాలు ముందు పోతాయని, స, త, క లాంటి హల్లులు అందక మాటలు అలికినట్టుంటాయని డాక్టర్ చెప్పారు. మిషన్ కొనిచ్చాం. అది సొరుగులో ఉంది. ఈక్వలైజర్‌లో నా కోసం అన్ని గీతలు గీసుకున్నానే, ఆ గీత గుర్తుకే రాలేదు.

మర్నాడు పొద్దున వేపచెట్టు కింద కారు ఆపి నాన్నని కూర్చోబెట్టాను.

"కదలకు."

టేపు కొస చెవికి ఆనించాను. "చక్కిలిగిలిరా," అన్నాడు. ఇంత దగ్గరగా ఆయన చెవిని ఎప్పుడూ చూడలేదు. వెంట్రుకలు తెల్లబడిపోయాయి. ఈసారి ఎడమ స్పీకర్‌ని ఆపాను. 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ దగ్గర కొంచెం ఎత్తాను. రెండో నంబర్ మెమరీలో సేవ్ చేశాను.

తిరుగు ప్రయాణంలో ఆ రెండో నంబరే పెట్టాను. నాన్న చాలాసేపు విని, ఒక చరణం దగ్గర నవ్వాడు. "ఇన్నాళ్లూ ఈ మాట తప్పు పాడుతున్నానే," అన్నాడు. చెవులు పాడవకముందు నుంచీ తప్పేనట.

ఘంటసాల ఇప్పుడు నా కుడి మోకాలి దగ్గరికి వచ్చేశాడు. ట్వీటర్ చెవిలో గీరుతోంది.

"నీకెలా వినపడుతోంది?" అని అడిగాడు నాన్న.

"బానే ఉంది," అన్నాను.