మైలవరం బస్సు... బెజవాడ గది

విజయవాడ నుంచి తిరువూరు దారి పడితే ఇబ్రహీంపట్నం, కొండపల్లి, జి.కొండూరు... ఆపైన మైలవరం. మామిడి తోటలకు పెట్టింది పేరు. 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా పొద్దుటి బస్సుల్లో హడావుడి మారలేదు. బ్యాగుల్లో టిఫిన్‌ బాక్సులు సర్దుకుని బట్టల షాపులకీ ఆసుపత్రులకీ బెజవాడ వెళ్లే అమ్మాయిలు ఎందరో. రోజూ తిరగలేనివాళ్లు అక్కడే ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకుంటారు.

ఇద్దరాడపిల్లలు గది అడిగితే ఓనరు పెద్దగా ఆరా తీయడు. ‘స్నేహితురాళ్లం’ అంటే చాలు. ఆ ఒక్క మాట చాటునే ప్రేమను దాచుకుని బతికే జంటలూ ఉంటాయి. ఊళ్లో ఉంటే చదువవగానే పెళ్లిచూపులు. పట్నంలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ గండం వాయిదా!

2024లో అలాంటి జంట కథే హైకోర్టు గడప తొక్కింది. ఇద్దరూ మేజర్లే. ఏడాదిగా విజయవాడలో కలిసి ఉంటున్నారు. తన సహచరిని కన్నతండ్రే ఇంట్లో నిర్బంధించాడంటూ రెండో అమ్మాయి హెబియస్‌ కార్పస్‌ పిటిషన్‌ వేసింది. మేజరైన ఆమెకు నచ్చినవారితో ఉండే హక్కుందని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని డిసెంబరులో జస్టిస్‌ ఆర్‌.రఘునందన్‌రావు, జస్టిస్‌ కె.మహేశ్వరరావుల ధర్మాసనం చెప్పింది. ఆ అమ్మాయేమందో తెలుసా? తన దారిన తనని ఉండనిస్తే అమ్మానాన్నలపై పెట్టిన ఫిర్యాదును వెనక్కి తీసుకుంటానంది!

చైనాలోనూ ఇదే తంతు. పల్లెల నుంచి షెన్‌జెన్‌ ఫ్యాక్టరీలకు వెళ్లే అమ్మాయిలకు డార్మిటరీలే ఇళ్లు. ‘హుకౌ’ అనే నివాస పత్రం మాత్రం సొంతూరి పేరనే ఉంటుంది. ఆడవాళ్లని ప్రేమించే ఆడవాళ్లు అక్కడ తమను ‘లాలా’లని పిలుచుకుంటారు. స్వలింగ ప్రేమను 2001లోనే మానసిక వ్యాధుల జాబితా నుంచి తీసేసినా ఇంటి పోరు తప్పలేదు. అది పడలేక, తమలాగే స్వలింగ ప్రియుడైన మగవాడిని పేరుకు పెళ్లాడేవాళ్లూ ఉన్నారు.

మన దగ్గర 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమ నేరం కాదంది. 2023లో మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేమని, అది చట్టసభల పనని తేల్చింది. అందుకే వీళ్ల కాపురానికి అద్దె గది, నెల జీతమే ఆధారం. ఏ ఒక్కటి పోయినా తిరిగి ఊరే దిక్కు.

కోర్టు కలిసి ఉండొచ్చంది. సంక్రాంతికి ఇద్దరూ కలిసి రండమ్మా అని పిలవాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే!