బందరు రేవునుండి

గుడివాడనుండి బందరునకు రైలుబండిలో పోవునపుడు ఇరుప్రక్కల వరిచేలు మాకు కన్నులపండువు గావించెను. బందరు రేవున నిలిచి తూర్పుదెస చూడగా రంగూను తలపునకు వచ్చెను. 17వ శతాబ్దముననే ఈ రేవునుండి పెగూ దేశమునకు ఓడలు నడచెను. బ్రిటిషువారి కాలమున ఆంధ్రతీరపు బీదలు వేలకొలది కూలికై ఆ దేశమునకు తరలిరి.

సోదరీమణులారా! 1930 మే నెలలో రంగూను రేవునందలి తెలుగు కూలీలు కూలి పెంచుమని పని మానిరి. సరకు దింపించు కంపెనీలవారు వారికి బదులు బర్మీయులను పెట్టుకొని, సమ్మె తీరగానే వారిని పొమ్మనిరి. అంతట రేగిన కలహమున నూరుమందికి పైగా మడిసిరి; వారిలో పెక్కురు తెలుగువారే. అప్పులపాలై, భూములు కోల్పోయి పట్టణము చేరిన బర్మీయునకును కూలియే గతి. లాభము కుడిచినవాడు మేడలో క్షేమముగా నుండెను. ఆకలిగొన్నవారు వీథిలో ఒకరినొకరు పొడుచుకొనిరి.

పిమ్మట పులిగడ్డ దాటి దివిసీమ చేరితిమి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇచ్చట వేలమందిని పొట్టనబెట్టుకొనగా, ఆదుకొన వచ్చినవారిలో పరాయివా రెందరో! నేడు నాట్లకు పైసీమల కూలీలు వచ్చినపుడు "వీరివలననే మన కూలి తగ్గినది" యని యెవరైన ననినచో, ఆ కూలి నిర్ణయించినవా రెవరని మొదట అడుగుడు.