మరక చెప్పిన మాట

ఇంట్లో దేన్నయినా తోమాలంటే మనకో లెక్క ఉంటుంది. ఇత్తడి బిందెకి చింతపండు, మసిగిన్నెకి బూడిద, చొక్కా కాలరుకి సబ్బుబిళ్ళ. చింతపండుతో చొక్కా ఉతికిన వాళ్ళని ఇంతవరకూ చూళ్ళేదు. ఏ మరకకి ఏ మందో అమ్మమ్మల దగ్గర్నుంచి వచ్చిన విద్య. కానీ వాకిట్లో ఉన్న కారు చక్రం దగ్గరకొచ్చేసరికి ఈ తెలివంతా ఎటుపోతుందో! మరక మొండిదైతే ఇంకాస్త గట్టి పీచు, అప్పటికీ పోకపోతే బాత్రూము యాసిడ్. ఎవర్నడిగినా ఇదే వైద్యం.

మా పక్కింటివాళ్ళ కారుకి ఇలాంటి వైద్యమే జరిగింది. నీళ్ళ సర్వీసింగుకి ఇస్తే అక్కడి కుర్రాడు యాసిడ్ కొట్టి ఇచ్చాడు. మరకలు పోయాయి. వాటితోపాటే చక్రాల మెరుపూ పోయి బూడిదరంగుకి తిరిగాయి. ఆ మెరుపు ఎక్కడిదనుకున్నారు? రంగు మీద వేసే పల్చటి వార్నిషు పొరది. దాని మందం మన తలవెంట్రుకంత కూడా ఉండదు. మొండిది మరక అనుకుంటాం గానీ, సుకుమారమైనది ఆ పొర. దాన్ని కాపాడుకుంటూ మరకని వదిలించడమే అసలు పని.

ఇదంతా నాకు తెలిసొచ్చింది మా మావయ్యగారి కారు వల్ల. అమలాపురం దగ్గర మా ఊళ్ళో ఆయనది వెండిరంగు ఇనప చక్రాల మారుతి 800. ఆ బండి తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయినా, మా ఇంట్లో దాని కొలువు మాత్రం ఆగలేదు. డెబ్భై నాలుగేళ్ళ వయసులోనూ కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రిలో ఉన్న చెల్లెలింటికి ఆయనే నడుపుకుంటూ వెళ్తారు. హైదరాబాద్‌లో ఉన్న మా మరిదికి అది బొత్తిగా ఇష్టం లేదు. పండక్కి వచ్చినప్పుడల్లా "ఇంక అమ్మేద్దాం నాన్నా. ఆ చక్రాలు చూడండి, బండి వయసు అక్కడే కనిపిస్తోంది" అనేవాడు. వయసు బండికా, తనకా అన్నది మావయ్యగారికి అర్థం కాకపోలేదు. మరిది ఊరెళ్ళాక నన్ను పిలిచి "అమ్మాయ్, ఈ చక్రాల మరకల సంగతేదో చూడు. కొత్తవాటిలా అయిపోవాలి" అన్నారు.

మెకానిక్ కుర్రాణ్ణి ఆదివారం ఇంటికి రమ్మన్నాం. బండికి జాకీ పెట్టి ఒక్కో చక్రమే విప్పి నేలమీద పెట్టేవాడు. ముందు ధారగా నీళ్ళు, ఆ తర్వాతే చెయ్యి. ఎందుకంటే మన దారుల్లో ఇసక, కాలువగట్ల నల్లమట్టి చక్రానికి అంటుకుని ఉంటాయి. అవి పోకుండా గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఇంకో సంగతి. చక్రం చల్లగా ఉండాలి, నీడలో ఉండాలి. అప్పుడే తిరిగొచ్చిన బండి చక్రం మీద ఏ మందు వేసినా మరక కరిగేలోపే ఆరిపోయి కొత్త మరక పడుతుంది.

మట్టి వదిలాక మిగిలినవి మూడు రకాలు. మొదటిది, నల్లటి చుక్కలు. 216 నంబరు జాతీయ రహదారి మీద కొత్తగా తారు వేసినప్పుడు అటు వెళ్ళొచ్చిన ప్రతి బండీ ఇంటికి తెచ్చుకున్నదే. తారు నీళ్ళకి కరగదు, సబ్బుకి లొంగదు. నూనెకి లొంగుతుంది, ఎందుకంటే రెండూ ఒక గోత్రానివే. కోనసీమలో కొబ్బరినూనెకి కరువా? గుడ్డముక్క నూనెలో ముంచి చుక్కల మీద అద్ది పావుగంట వదిలేస్తే మెత్తబడ్డాయి. మెత్తటి గుడ్డతో తుడిస్తే జారి వచ్చేశాయి. రెండోసారి అద్దాల్సి వచ్చినవీ ఉన్నాయి. తర్వాత షాంపూ నీళ్ళతో జిడ్డంతా కడిగేయాలి. కిరసనాయిలు ఇంకా తొందరగా పనిచేస్తుంది కానీ టైరు రబ్బరుకి మంచిది కాదు. అన్నట్టు, కొబ్బరినూనె సరే గానీ కొబ్బరిపీచు మాత్రం వద్దు. గిన్నెలు తోమే ఆ పీచు రంగు మీద గీతలు పెడుతుంది.

రెండోది, ముందు చక్రాల మీద గోధుమరంగు పొర, దాన్నిండా తుప్పు చుక్కలు. రంగు కింద ఇనుము తుప్పు పట్టిందేమో అనిపిస్తుంది గానీ, ఇది పైనుంచి వచ్చిన తుప్పు. బ్రేకు వేసినప్పుడల్లా ప్యాడ్లు, డిస్కూ ఒరుసుకుని సన్నటి ఇనప పొడి రాలుతుంది. వేడిగా ఉన్న ఆ పొడి చక్రం రంగులో గుచ్చుకుని, తేమ తగిలి తుప్పు పడుతుంది. మనది సముద్రపు ఉప్పుగాలి తగిలే నేల కాబట్టి ఇంకాస్త తొందరగా పడుతుంది. బ్రేకు వేస్తే బరువంతా ముందుకి వాలుతుంది కదా, పని ఎక్కువ ముందు చక్రాలకే. పైగా అక్కడ డిస్కు బయటికే ఉంటుంది. ఈ బండికి వెనకవైపు డ్రమ్ములు, పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. అందుకే నలుపు ఎప్పుడూ ముందు చక్రాలకే ఎక్కువ.

దీనికి కారు సామాన్ల షాపుల్లో ఐరన్ రిమూవర్ అనే ద్రావకం దొరుకుతుంది. చల్లాక రెండు మూడు నిమిషాల్లో చక్రం మీంచి నేరేడుపళ్ళ రసంలా ఊదారంగు కారుతుంది. ఇనుముతో కలిసి కరిగిస్తోందని గుర్తు. వాసన మాత్రం భరించలేం, కుళ్ళిన కోడిగుడ్డే! ఈ మందుల్లో చాలావాటిలో ఉండేది అమ్మోనియం థయోగ్లైకొలేట్. బ్యూటీపార్లర్లలో జుట్టు రింగులు తిప్పడానికి వాడేదీ అదే. చేతులకి గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట చల్లి, ఆరిపోకముందే కడిగేయాలి. రుద్దే పనే లేదు.

మూడోది, తెల్లటి మచ్చలు. ఇవి బోరునీళ్ళ ఉప్పు. కడిగిన బండిని ఎండలో వదిలేస్తే నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి, గుడ్డతో అద్ది, రెండు నిమిషాలాగి కడిగేస్తే పోయాయి. వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తే మళ్ళీ రావు.

మూడు చక్రాలు తళతళలాడాయి. నాలుగోది వెనక ఎడమ చక్రం. పైవైపు బాగానే వచ్చింది. తిరగేసి చూస్తే లోపలివైపు తడిగా, మెరుస్తూ ఒక చార. దాని చుట్టూ రంగు ఉబ్బి పొక్కులు లేచింది. తుడిస్తే గుడ్డకి రంగే ఊడి వచ్చింది. తారు రంగుని ఊడదీయదు. ఉప్పు జిడ్డుగా ఉండదు. మరి ఇదేమిటి? మెకానిక్ కుర్రాడు వేలితో ముట్టుకుని చూశాడు. నవ్వుతూ పని చేస్తున్నవాడల్లా గంభీరంగా అయిపోయాడు.

"బ్రేకు ఆయిలండీ ఇది. రంగుని తినేస్తాదండి. డ్రమ్ము ఇప్పి చూడాలండి."

విప్పితే లోపల వీలు సిలిండరులో రబ్బరు అరిగిపోయి ఆయిలు కారుతోంది. బ్రేకు షూలు తడిసిపోయి ఉన్నాయి. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో ఆయిలు అట్టడుగు గీత దగ్గరికి దిగింది. మావయ్యగారు అరుగు మీదే కూర్చుండిపోయారు. మర్నాడు పొద్దున్నే ఆయన రాజమండ్రి ప్రయాణం.

మన రోడ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ కాలువలు మనకి అన్నం పెడుతున్నాయి. ఆ గట్లే మనకి దారులయ్యాయి. ఒకపక్క నిండుకాలువ, ఇంకోపక్క చేను, చాలాచోట్ల అడ్డుగోడన్నదే ఉండదు. ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చినప్పుడు బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

సిలిండరు, షూలు మార్పించాం. ఆయిలు పూర్తిగా తీసేసి కొత్తది పోయించాం. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారైనా మార్చడం మంచిదట. రంగు మీద చుక్క పడితే తుడవకుండా వెంటనే నీళ్ళు పోసి కడగాలని కూడా ఆ కుర్రాడే చెప్పాడు.

రాత్రి మావయ్యగారే మరిదికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పారు. చెప్పకపోయినా అడిగేవాళ్ళెవరూ లేరు. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "బండి అమ్మమని మళ్ళీ అనను నాన్నా. కానీ చీకటి పడ్డాక నడపొద్దు. మూడు నెలలకోసారి బ్రేకులు చూపించాలి" అన్నాడు. "సరేరా" అన్నారు మావయ్యగారు. అంత తొందరగా ఆయన దేనికైనా ఒప్పుకోవడం నేను కాపరానికొచ్చాక అదే మొదటిసారి.

ఇప్పుడు కడగడం ఆయన వంతు. వారానికోసారి మామూలు షాంపూ నీళ్ళతో కడిగితే మరక మొండిబారే దాకా రాదు. మీ ఇంట్లో బండి ఉంటే మీరూ ఈసారి చక్రం లోపలివైపుకి వంగి చూడండి. తారయితే కొబ్బరినూనె, ఇనప తుప్పయితే ఆ ఊదా మందు, ఉప్పయితే వెనిగర్. తడిగా జిడ్డు తగిలితే మాత్రం తుడిచేసి ఊరుకోకండి. బండి కదపకుండా మెకానిక్‌ని పిలవండి.