పలమనేరు నుండి చంద్రగిరికి

పలమనేరు ఎత్తయిన పీఠభూమిపై నున్న యూరు. కుమ్మరుల వాకిళ్ళలో ఆరుచున్న మట్టిగుఱ్ఱములను, కుండలను చూచి, మేము మొగిలి కనుమ దిగి చిత్తూరు మీదుగా చంద్రగిరి చేరితిమి.

కొండక్రింద రాజమహలు మూడంతస్తులతో నేటికిని నిలిచియున్నది. రాయి, ఇటుక, సున్నములతో కట్టిన యీ మేడకు కొయ్యదూలములు లేవు. విజయనగర ప్రభువుల కడపటి రాజధానులలో చంద్రగిరి యొకటి. 1646లో ఇది గోల్కొండ కుతుబుషాహీల వశమయ్యెను. సోదరీమణులారా, ఈ దక్షిణ విజయములే గెలిచినవారి యింట చిచ్చు రగిల్చినవి.

ఆ వంశమునకు మూలపురుషుడు సుల్తాన్ కులీ. పారసీక దేశమునుండి వచ్చి, బహమనీల కొలువున తెలంగాణమున కధికారియై, 1518 మొదలు గోల్కొండ నేలెను. అతని కుమారుడు ఇబ్రహీము అన్నకు వెఱచి యేడేండ్లు విజయనగరమున తలదాచుకొనెను. పిమ్మట రాజై తెలుగు కవుల నాదరించి మల్కిభరాముడని పొగడ్త గాంచెను. అయినను 1565లో, తన కాశ్రయమిచ్చిన రామరాయలపై దండెత్తినవారిలో తానును చేరెను. ఇబ్రహీము కుమారుడు మహమ్మదు కులీ కాలమున 1591లో చార్మినారు వెలసెను.

దక్షిణ దండయాత్రలు నడపి 1650లో గండికోటను గెలిచినవాడు మంత్రి మీర్ జుమ్లా. మొదట వజ్రముల వర్తకుడు. గెలిచిన సీమల ధనమును, సైన్యమును తన చేతనే యుంచుకొనగా అబ్దుల్లా సుల్తానునకు అనుమానము పుట్టెను. 1655లో మంత్రి కుమారుని చెరపట్టించెను. మంత్రి మొగలుల పక్షము చేరెను. మఱుసటి యేడు ఔరంగజేబు గోల్కొండను ముట్టడించెను.

అప్పుడు సుల్తాను తల్లి హయాత్ బక్షీ బేగము స్వయముగా శత్రుశిబిరమునకు పోయెను. ఆమె మహమ్మదు కులీ కూతురు, రాజపత్ని, రాజమాత. కోటి రూపాయ లిచ్చుటకును, మనుమరాలిని ఔరంగజేబు కుమారునకిచ్చి పెండ్లి చేయుటకును ఒడంబడి రాజ్యమును నిలిపెను. కొడుకునకును మంత్రికిని కలిగిన వైరమునకు వెల ఆ యింటి యాడువారు చెల్లించిరి.

అటుపై రాజ్యము ముప్పదియొక్క యేండ్లు మాత్రమే నిలిచెను. 1687లో ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, లోపలివా డొకడు తలుపు తెఱవగా గోల్కొండ కోట పడెను. కడపటి సుల్తాను తానీషా దౌలతాబాదు చెరలో కన్నుమూసెను.

ఆ దుర్దినములను చూడకయే బేగము 1667లో గతించెను. గోల్కొండ చెంత కుతుబుషాహీ రాజుల సమాధుల నడుమ ఆమె సమాధియు కలదు. అటు పోవు సోదరీమణులు తప్పక చూచి రావలెను.