మా బావ నష్టానికి ఎనిమిదేళ్ల ఆయుష్షు

మణికొండలో ఫ్లాట్ అడుగు ఎంత పలుకుతోందో ఎవరినడిగినా చెప్తారు. పైప్‌లైన్ రోడ్డు మీద చాయ్ తాగుతూ పక్క టీంలో ఎవడికి ఎంత హైక్ వచ్చిందో కూడా చెప్తారు. ఆప్షన్స్‌లో ఎంత పోయిందో మాత్రం చెప్పరు. వచ్చింది చెప్తారు, స్క్రీన్‌షాట్ తీసి మరీ చెప్తారు. మన హాస్టల్ వాట్సాప్ గ్రూపులూ అంతేగా. అన్నీ ఆకుపచ్చ అంకెలే కనిపిస్తాయి. ఎరుపు వచ్చిన రోజు గ్రూపంతా మౌనవ్రతం.

నేను మాత్రం ఒక మనిషి ఏడాది లెక్క మొత్తం చూశాను, ఎరుపుతో సహా. అది మా బావది. ఈ వ్యాసం రాస్తానంటే పేరూ కంపెనీ రాయొద్దన్నాడు, అంకెలు రాసుకో అన్నాడు.

అక్కావాళ్లు ల్యాంకో హిల్స్‌కి దగ్గర్లో అద్దెకుంటారు. 2025 ఆగస్టు చివర్లో శనివారం అక్కడికి వెళ్తే, బావ లాప్‌టాప్ నా ముందు పెట్టి, "బామ్మర్దీ, నువ్వు బెఫా చదివావు కదా, ఈ రిటర్న్ కాస్త నింపిపెట్టు" అన్నాడు. బెఫాలో నాకొచ్చిన మార్కులు ఆయనకి తెలియవు. ఆ ఏడాది రిటర్న్ గడువు జులై 31 నుంచి సెప్టెంబర్ 15కి జరిపారు కాబట్టి టైం ఉంది. జీతం ఫారం 16లో ఉంది, బ్యాంకు వడ్డీ 14,000 ఉంది, షేర్లు అమ్మితే వచ్చిన లాభం 58,000 ఉంది. ఇంతే అన్నాడు. బ్రోకర్ యాప్‌లోంచి దించిన టాక్స్ స్టేట్‌మెంట్‌లో ఇంకో షీట్ ఉంది, దాని పేరు ఎఫ్ అండ్ ఓ. అదేంటి బావా అంటే, "అది వదిలెయ్. నష్టమే కదా, చూపించి ఏం లాభం" అన్నాడు.

ఆ షీట్‌లోకి వెళ్లే ముందు ఆప్షన్ అంటే ఏంటో చెప్పుకోవాలి. యూట్యూబ్‌లో దీనికి క్యాండిల్స్, గీతలు, ఎర్రబాణాలు చూపిస్తారు గానీ, మన దగ్గర దీన్ని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాం. బయానా. పుప్పాలగూడలో ఒక ప్లాట్ కోటికి బేరం కుదిరింది, రెండు లక్షలు బయానా ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంట్ రాసుకున్నారు. ఈలోపు పక్కనే రోడ్డు పడి రేటు కోటీ పది లక్షలైతే, కోటికే కొనే హక్కు మీ చేతిలో ఉంది. ఆ హక్కునే ఇంకొకరికి అమ్మి పక్కకి తప్పుకునేవాళ్లూ ఉన్నారు. రేటు పడిపోతే బయానా వదులుకుంటారు. ఇదే కాల్ ఆప్షన్. కోటి అనేది స్ట్రైక్ ప్రైస్, రెండు లక్షలు ప్రీమియం, మూడు నెలల చివరి రోజు ఎక్స్‌పైరీ. పుట్ అంటే దీనికి తిరకాసు: ఫలానా రేటుకి అమ్మే హక్కు. యాప్‌లో కనిపించే సీఈ కాల్, పీఈ పుట్. పోలిక ఇక్కడిదాకానే పనిచేస్తుంది. అసలు అగ్రిమెంట్‌లో కొనేవాడికీ బాధ్యత ఉంటుంది, ఆప్షన్ కొన్నవాడికి హక్కే తప్ప బాధ్యత లేదు. బాధ్యతంతా అమ్మినవాడిది.

ఇంకో తేడా ఉంది, అసలు దెబ్బ అక్కడే. ప్లాట్‌కి మూడు నెలలు. నిఫ్టీ వీక్లీ ఆప్షన్‌కి కొన్ని రోజులే. నిఫ్టీ 24,900 దగ్గర ఉంది, పెరుగుతుందనిపించి 25,000 కాల్ వంద రూపాయలకి కొన్నారనుకోండి. అప్పటి లాట్ 75, అంటే 7,500 పెట్టారు. గడువు రోజు నిఫ్టీ నిజంగానే పెరిగి 25,060 దగ్గర ఆగింది. మీ ఊహ కరెక్టే. కానీ మీ ఆప్షన్ విలువ 60 రూపాయలు, చేతికొచ్చేది 4,500. ఊహ గెలిచింది, మూడు వేలు పోయాయి. 25,000 లోపే ఆగితే మొత్తం సున్నా. గెలవాలంటే పెరగడం చాలదు, ఎంత పెరగాలో, ఎప్పటిలోపు పెరగాలో రెండూ కుదరాలి. నిఫ్టీ కదలకుండా కూర్చున్నా మీ వంద రూపాయలు రోజూ కొంచెం కరిగిపోతూనే ఉంటాయి, దాన్నే థీటా అంటారు. అలా కరిగింది అమ్మినవాడి జేబులోకి పోతుంది. మరి మనమే అమ్మేవాళ్లం అవుదామా అంటే, ఒక్క లాట్ అమ్మడానికే లక్ష పైమాటే మార్జిన్ కట్టాలి, మార్కెట్ ఎదురు తిరిగితే నష్టానికి హద్దు లేదు.

ఇక షీట్‌కి వద్దాం. తేదీలు చూస్తుంటే నాకు మా ఊరి చుట్టుపక్కల అంగళ్లు గుర్తొచ్చాయి. సోమవారం ఒక ఊళ్లో, మంగళవారం ఇంకో ఊళ్లో, అట్లా వారమంతా ఎక్కడో ఒకచోట అంగడి ఉంటుంది. 2024 నవంబర్ దాకా ఎక్స్‌పైరీలు కూడా అంతే: సోమవారం మిడ్‌క్యాప్, మంగళవారం ఫిన్‌నిఫ్టీ, బుధవారం బ్యాంక్ నిఫ్టీ, గురువారం నిఫ్టీ, శుక్రవారం సెన్సెక్స్. బావ ఏ అంగడీ వదల్లేదు. స్టాండప్ మీటింగ్ 9:30కి అయితే మార్కెట్ 9:15కే మొదలవుతుంది, ఆ పావుగంటలో చేసిన ట్రేడ్లే ఎన్నో ఉన్నాయి. ఆ తర్వాత సెబీ ఒక్కో ఎక్స్‌చేంజ్‌కి ఒకే సూచీ మీద వీక్లీ ఉండాలని కట్టడి పెట్టింది, లాట్ సైజులు పెంచింది. షీట్‌లో నవంబర్ తర్వాత వరసలు తగ్గాయి. కానీ ఒక్కో వరసలో అంకె పెద్దదైంది.

మొత్తం కూడాను. గెలిచిన ట్రేడ్లలో వచ్చింది 6,84,000. ఓడినవాటిలో పోయింది 9,21,000. తేడా 2,37,000 నష్టం. దీనిపైన బ్రోకరేజీ, ఎస్‌టీటీ, ఎక్స్‌చేంజ్ చార్జీలు, స్టాంప్ డ్యూటీ, జీఎస్‌టీ అన్నీ కలిపి 81,000. మొత్తం 3,18,000. బావ చాలాసేపు స్క్రీన్ చూశాడు. "అంత లేదు, రెండు ఉంటుందేమో అనుకున్నా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. యాప్ తెరవగానే పెద్దక్షరాల్లో కనిపించేది ఆ రోజు లెక్క. ఏడాది లెక్క కావాలంటే నాలుగైదు మెనూల లోపలికి వెళ్లి దించుకోవాలి. 6,84,000 వచ్చిన రోజులు ఆయనకి ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

ఆయనొక్కడే కాదు. సెబీ 2024 సెప్టెంబర్‌లో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. 2023-24లో ట్రేడర్లలో 43 శాతం మంది 30 ఏళ్లలోపు వాళ్లు. అంతకుముందు ఏడాది అది 31. అదే ఏడాది లాభపడింది ఎవరయ్యా అంటే సంస్థల సొంత ట్రేడింగ్ డెస్కులు, విదేశీ ఫండ్లు. వాళ్ల లాభాల్లో 96, 97 శాతం అల్గారిథమ్‌ల ద్వారా వచ్చిందే. మనం సీఎస్ఈ వాళ్లం కదా, ఈ చివరి ముక్క మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అవతల సర్వర్ ఉంది, ఇవతల బావ స్టాండప్ మీటింగ్‌లో మ్యూట్ పెట్టుకుని ఫోన్ చూస్తున్నాడు.

ఇప్పుడు పన్ను. షేర్లు కొని ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం, ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షల పైన లాభం మీద 12.5 శాతం. 2024 జులై 23 నుంచి ఈ రేట్లు. అంతకుముందు 15, 10 ఉండేవి. ఆప్షన్స్ ఈ గూట్లోకి రావు. చట్టం దృష్టిలో అది వ్యాపారం. వారం రోజుల గడువున్న సీఈ కొని అరగంటలో అమ్మేసినా మీరు వ్యాపారస్తులే. లాభమొస్తే మీ శ్లాబ్ రేటు పడుతుంది. నష్టమొచ్చినా ఫారం మారుతుంది, జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1, 2 చెల్లవు, ఐటీఆర్-3 వేయాలి. దాంట్లో టర్నోవర్ అడుగుతుంది. ఆ లెక్క తమాషాగా ఉంటుంది: లాభాల్నీ నష్టాల్నీ ఒకదాన్లోంచి ఒకటి తీసేయకుండా కలిపేయాలి. బావ టర్నోవర్ 16,05,000. "ఇంట్లో చెప్పకుండా పదహారు లక్షల వ్యాపారం నడిపావా బావా" అన్నాను. నవ్వాడు గానీ, వంటింటి వైపు ఒకసారి చూశాడు.

టర్నోవర్ పది కోట్లు దాటకుండా, లావాదేవీలన్నీ బ్యాంకు ద్వారానే జరిగితే సాధారణంగా ఆడిట్ అక్కర్లేదు. బావ భయపడ్డది దానికి కూడా కాదు. ఆ డబ్బు అక్కా ఆయనా కలిసి ఫ్లాట్ రిజిస్ట్రేషన్ ఖర్చులకని పక్కన పెట్టింది. పోయింది నలభై వేలని అక్కకి చెప్పి ఉన్నాడు. ఫారంలో 3,18,000 అని టైప్ చేస్తే అది ఇంట్లో మొదటిసారి ఎక్కడో ఒకచోట రాసినట్టు అవుతుంది.

చూపించకపోతే ఏమవుతుందో లెక్కేసి చూపించాను. షేర్ల లాభం 58,000 మీద 20 శాతం, సెస్సుతో కలిపి 12,064 కట్టాలి. వడ్డీ మీద శ్లాబ్ ప్రకారం ఇంకొంచెం. ఆప్షన్స్ నష్టం చూపిస్తే ఆ రెండింట్లోంచీ తగ్గించుకోవచ్చు, రెండింటి మీదా పన్ను సున్నా అవుతుంది. జీతంలోంచి మాత్రం తగ్గించుకోనివ్వరు. ఇది చాలామందికి తెలియదు, మూడు లక్షలు పోయాయి కాబట్టి టీడీఎస్ వెనక్కొస్తుందనుకుంటారు. మిగిలిన 2,46,000 గడువులోపు రిటర్న్ వేస్తేనే ముందుకు మోసుకెళ్లే హక్కు ఉంటుంది. ఆలస్యమైతే ఆ హక్కు పోతుంది.

అక్క ఎప్పుడొచ్చిందో మేం చూడలేదు. కుర్చీ వెనక నిలబడి షీటంతా చదివింది. అరుస్తుందనుకున్నాను. "ఈ 81 వేలు ఎవరికి పోయినయ్?" అని అడిగింది. బ్రోకర్‌కి, ఎక్స్‌చేంజ్‌కి, ప్రభుత్వానికి అన్నాను. "నష్టపోయినా కట్టాల్నా?" కట్టాలి. ఆప్షన్ అమ్మిన ప్రతిసారీ ప్రీమియం మీద ఎస్‌టీటీ పడుతుంది, అది 2024 అక్టోబర్ 1న 0.0625 శాతం నుంచి 0.1 శాతానికి పెరిగింది. మీకు మిగిలిందా పోయిందా అని అది అడగదు. అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బావతో, "నలభై అన్నావు" అంది. అంతే. ఆ రాత్రి వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, హాల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకున్నాను.

మధ్యలో ఒక మాట మన వాళ్లకి. హాస్టల్లో కొందరు నాన్న పేరు మీదో అమ్మ పేరు మీదో ఉన్న డీమ్యాట్‌లో ట్రేడ్ చేస్తున్నారు. ఆ లాభనష్టాలన్నీ వాళ్ల పాన్ మీద పడతాయి. ఊళ్లో టీచర్‌గా చేసే నాన్న ఎప్పుడూ వేసే ఐటీఆర్-1 మీ వల్ల ఐటీఆర్-3 అవుతుంది, ఆయనకి తెలియకుండానే ఆయన వ్యాపారి అవుతాడు. సొంత పేరు మీద చేస్తే కనీసం లెక్క మీదే.

ఆదివారం పొద్దున బావే కూర్చుని అంకెలన్నీ తనే టైప్ చేశాడు. చివర్లో షెడ్యూల్ సీఎఫ్‌ఎల్ అనే పట్టిక వచ్చింది, ముందుకు మోసే నష్టాలవి. 2,46,000 దాంట్లో కూర్చుంది. ఎనిమిదేళ్లు అక్కడే ఉండొచ్చు, అంటే 2033-34 అసెస్‌మెంట్ ఇయర్ దాకా. అప్పటికి అక్క కూతురు ఇంటర్‌లో ఉంటుంది.

"మరి ఈ రెండున్నర లక్షలు ఎట్లా వాడుకోవాలి?" అని అక్క అడిగింది. ఇక్కడే మెలిక ఉంది. వచ్చే ఏళ్లలో ఈ నష్టాన్ని వ్యాపారం లాభంలోంచి మాత్రమే తగ్గించుకోవచ్చు. షేర్ల లాభంలోంచీ వడ్డీలోంచీ ఇక కుదరదు. బావకి వేరే వ్యాపారం లేదు. అంటే అది పనికిరావాలంటే మళ్లీ ఆప్షన్స్ చేసి, మళ్లీ లాభం తేవాలి. ఈ సంగతి నేను చెప్తుంటే బావ కళ్లలో ఏదో కదిలింది, అక్క కూడా చూసినట్టుంది.

"అవసరం లేదు. అట్లనే ఉండనీ ఆ వరస" అంది.

బావ ఈ-వెరిఫై నొక్కాడు. ఓటీపీ అక్క ఫోన్‌కి వచ్చింది, ఆధార్‌కి ఆ నంబరే ఇచ్చి ఉన్నాడట. ఆరంకెలూ ఆమే చదివింది.