బందరు తుపాకీ... గుడివాడ తుపాకీ

బందరు అనగానే లడ్డూ గుర్తొస్తుంది. కలంకారీ గుర్తొస్తుంది. తుపాకీ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కానీ 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ సైన్యం ఫ్రెంచివాళ్ల నుంచి ఈ కోటను లాక్కున్నది తుపాకుల మోత మధ్యనే. ఆ శిథిలాలు చూద్దామని వెళ్లిన నాకు అక్కడ ఓ పెద్దాయన పరిచయమయ్యారు. వయసు ఎనభై దాటింది. ‘‘పాత తుపాకులంటే ఇష్టమా బాబూ? అయితే మా ఇంటికి రండి’’ అన్నారు.

బీరువాలోంచి తీసి గుడ్డ విప్పారు. వాళ్ల నాన్నగారి వేట రైఫిల్. ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్‌లోని బీఎస్ఏ కంపెనీ తయారీ. బోరు .315. ఆ అంకె వెనక ఓ కథ ఉంది. అప్పట్లో సైన్యం వాడే రైఫిల్ .303. ఆ తూటాలు జనం చేతికి చిక్కకూడదని బ్రిటిష్ ప్రభుత్వం ఆ బోరును నిషేధించింది. దాంతో కంపెనీలు అదే పద్ధతి రైఫిల్‌ని వేరే తూటాకు సరిపోయేలా మార్చి ఇక్కడికి పంపాయి. అదే .315.

నున్నటి వాల్‌నట్ చెక్క మడమ. పట్టు జారకుండా దానిమీద చేత్తో చెక్కిన సన్నటి గళ్లు. వంద గజాలకొకటి, రెండొందలకొకటి చొప్పున మడిచి లేపే గురి రేకులు. బోల్టు లాగితే వెన్నలో కత్తి దిగినట్టే!

‘‘కానీ గొట్టం లోపల చూడండి’’ అన్నారాయన. వెలుతురుకు పెట్టి చూశాను. మశూచి వచ్చిన ముఖంలా గుంటలు. పాతకాలం తూటాలు పేలినప్పుడు గొట్టంలో ఉప్పులాంటి పదార్థం మిగిలేది. అది గాల్లో తేమను పీలుస్తుంది. వేట నుంచి రాగానే వేడినీళ్లతో కడిగి నూనె పట్టించకపోతే తుప్పే. అసలే బందరు సముద్రపు గాలి. ‘‘నాన్నగారు కడిగేవారు. నేను బద్ధకించాను’’ అని ఒప్పుకున్నారు.

గుడివాడలో ఆయన స్నేహితుడి దగ్గర ఇదే రకం కొత్త రైఫిల్ ఉందట. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక. మర్నాడు లైసెన్సు పుస్తకం జేబులో, తుపాకీ సంచిలో పెట్టుకుని నాతో కారెక్కారు. పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటి గుడివాడ చేరేదాకా నాన్నగారి కబుర్లే.

గుడివాడ రైఫిల్ పశ్చిమ బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో తయారైంది. బీఎస్ఏ బాణీలోనే. స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో వేలమంది పంట కాపలాకో, ఇంటి కాపలాకో కొనుక్కున్నది ఇదే. పోలిస్తే తేడా చేతికే తెలిసిపోతుంది. కొత్తది బరువు. చెక్క మీద రందా గీతలు. బోల్టు గరగరమంటుంది. కానీ గొట్టం లోపల అద్దంలా మెరుస్తోంది. విడిభాగం పోతే ఇంకోటి దొరుకుతుంది. స్నేహితులిద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి బందరు పెద్దాయనే తగ్గారు. ‘‘చూడ్డానికి నాది. గురికి నీది’’ అన్నారు.

విదేశాల్లో ఈ పోలిక ఇంకోలా ఉంటుంది. 1907లో చంపావత్ పులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు రిగ్బీ కంపెనీ రైఫిల్ ఒకటి బహూకరించారు. అదిప్పుడు లండన్‌లో ఆ కంపెనీ దగ్గరే ఉంది. దాని స్ఫూర్తితో రిగ్బీవాళ్లు కొత్త రైఫిళ్లు చేసి అమ్ముతున్నారు. లోహం నేటిది, యంత్రాల కొలత నేటిది, రూపం మాత్రం నాటిది. మన దగ్గర 1980ల నుంచి మామూలు లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందుకే ఇక్కడ పాత ఇంగ్లిషు తుపాకీకి అంత గిరాకీ. పెద్దాయనకూ బేరాలు వచ్చాయట. ఇవ్వలేదు.

మూడోరోజు దివిసీమ. అభయారణ్యం వైపు తుపాకీ తీసుకెళ్లకూడదు కదా. దాన్ని ఇంట్లో భద్రం చేసి బయల్దేరాం. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ, అవనిగడ్డ, నాగాయలంక... చిన్నప్పుడు నాన్నగారి వెంట ఎడ్లబండిలో వచ్చిన దారి ఇది. ‘‘పరజ పిట్టలు మబ్బులా లేచేవి. ఆయన చేతిలో డబుల్ బ్యారెల్, నా చేతిలో తూటాల సంచి’’ అన్నారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట ఆగిపోయింది. డబుల్ బ్యారెల్ ఎప్పుడో అమ్మేశారు. రైఫిల్ బీరువాలోకి వెళ్లింది. ఎన్నికలప్పుడు డిపాజిట్ చేయడానికి తప్ప బయటికి రాలేదు.

మడ అడవుల అంచున పడవలో వెళ్తుంటే పడవతను వేలు చూపించాడు. బురదలో తాజా అడుగులు. బావురు పిల్లివట. చేపలు పట్టి బతికే పిల్లి అది. పెద్దాయన వంగి చాలాసేపు చూశారు. ‘‘నాన్నగారైతే ఈపాటికి రైఫిల్ ఎత్తేవారు’’ అన్నారు. గొంతులో గర్వమో, సిగ్గో నాకు తెలియలేదు.

తిరుగుదారిలో అసలు సంగతి చెప్పారు. ఈ ఏడాది లైసెన్సు గడువు తీరుతోంది. డెబ్బై దాటినవాళ్ల తుపాకీకి వారసులు తమ పేర లైసెన్సు అడగొచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి. హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తే ‘‘నాకెందుకు నాన్నా, అమ్మేయండి’’ అన్నాడట.

‘‘మరేం చేస్తారు?’’ అడిగాను.

‘‘వాడు సంక్రాంతికి వస్తాడు. ఒక్కసారి వాడి చేత్తో శుభ్రం చేయిస్తాను. మా నాన్న తుడిచినట్టు. అప్పుడూ వద్దంటే డీలరుకి ఇచ్చేస్తాను’’ అన్నారు.

బందరులో దిగుతూ, గొట్టం కడిగే పొడవాటి కడ్డీ ఎక్కడ దొరుకుతుందో కాస్త కనుక్కోమని నాకు పురమాయించారు.