మెలిపడే గొట్టం

పిల్లలూ! మన గోదావరి జిల్లాల్లో పొలాల నడుమ నిలబడే ఎత్తయిన ఉక్కు గోపురాలు చూశారా? అవి చమురు కోసం, గ్యాసు కోసం భూమిని తొలిచే యంత్రాలు.

బావి లోతు 3 కిలోమీటర్లనుకోండి. దానిలో దిగే ఉక్కు గొట్టం లావు సుమారు 13 సెంటీమీటర్లే. దాన్ని 1 మిల్లీమీటరు తీగంత సన్నం చేస్తే, పొడవు 23 మీటర్లు వుంటుంది! అందుకే అంత ఉక్కూ పగ్గంలా మెలిపడుతుంది.

పైన యంత్రం తిప్పుతూనే వుంటుంది. అడుగున బరమా రాతిని పట్టుకుని ఆగిపోతుంది. మెలి బాగా బిగిశాక ఒక్కసారిగా విడివడి, రెండు మూడింతల వేగంతో గిర్రున తిరుగుతుంది. మళ్ళీ ఆగుతుంది. కొన్ని సెకన్లకొకసారి ఇదే తంతు!

బడిలో ఎన్నో ఏళ్ళు నేను విన్న సుద్దముక్క కీచు కూడా ఇదే. గట్టిగా నొక్కితే సుద్ద ఆగుతూ, జారుతూ సెకనుకు వందలసార్లు అదురుతుంది.

బావిలో ఈ కుదుపుకు బరమా పళ్ళు విరుగుతాయి, గొట్టమే తెగవచ్చు. అంత లోతునుంచి తెగిన ముక్కను తీయటం ఎంత కష్టమో ఆలోచించండి!

మరి అడుగు సంగతి పైవాళ్ళకు తెలిసేదెలా? బరమా దగ్గర అమర్చిన పరికరం కుదుపును కొలిచి, గొట్టంలో పారే బురదనీటి ఒత్తిడిని నాడిలా కొట్టించి కబురు పంపుతుంది. వెంటనే బరమాపై బరువు తగ్గిస్తారు, తిప్పే వేగం పెంచుతారు. మెలిని పసిగట్టి తానే వేగం సర్దుకునే మోటార్లూ ఈనాడు వున్నాయి.

రాయి మొండికేసినప్పుడు ఇంకా అదమటం కాదు, కాస్త సడలించటమే ఉపాయమన్నమాట!